తొంభై ఆరు గంటల గాలి

అయిదుగురూ పోయినారంటప్పా, ముక్కలు దొరికినాయంట. నా ముందు సీటాయన ఫోను పైకెత్తి బస్సుకంతా వినపడేట్లు చెప్పినాడు, ఎలక్షను ఫలితం చెప్పినట్ల. బస్సు ఇంకా ధర్మవరం స్టాండు దాటలేదు. కండక్టరు టికెట్లు కొడతానే నవ్వినాడు. సోమవారమే చెప్పినా కదన్నా, పోయుంటారని. వాని మొగంలో పందెం గెలిచినోని సంబరం. నాలుగు దినాల నుంచి యాడికి పో, ఇదే కత. టీకొట్లో ఇదే, మంగలి షాపులో ఇదే, మగ్గాల కాడ ఇదే. సముద్రం అడుగున యాన్నో నూరేండ్ల కిందట మునిగిన ఓడ ఉండాదంట, దాన్ని చూసొచ్చేకి తలకి రెండు కోట్లు కట్టి అయిదుమంది ఒక గొట్టంలాంటి పడవలో దిగినారంట, లోపల తొంభై ఆరు గంటలకే గాలంట. మా ఈదిలో గడియారం మొగం చూడనోళ్ళు గూడా గంటలు లెక్కబెట్టినారు. ఇంకా నలభై ఉండాది, ఇంకా ఇరవై ఉండాది, ఇంక అయిపాయ. ఇప్పుడు చూస్తే మొదటి దినమే పోయినారంట, దిగిన గంటన్నరకే, నీళ్ళ బరువుకి పడవ లోపలికి నలిగిపోయిందంట. అంటే మనం నాలుగు దినాలు ఊరికే లెక్కబెట్టినామా, అని వెనక సీటామె అడిగింది. ఎవురో ఆమెని మోసం చేసినట్ల అడిగింది.

బస్సు హిందూపురం దాకా పోయేదే, నేను పెనుకొండకి ఒకటి అని టికెట్టు తీసుకున్నా. నా ఒళ్ళో సంచి, సంచిలో టవల్లో చుట్టిన లాంతరు. నిజానికి ఈ పొద్దు పోవల్సింది హిందూపురానికి. నా దగ్గర బావులు దిగే అష్రఫ్ పోయి నలభై దినాలు. వాని పెండ్లాం సమీనా వాళ్ళమ్మగారింట్లో వాని పేరున చదివించి అన్నం పెట్టే ఫాతెహా పెట్టుకున్నాది, శుక్రవారం జుమ్మా నమాజు అయినంక. కానీ ముందు పెనుకొండలో దిగల్ల. ఆడ పుల్లన్న కాచుకోనుంటాడు, అష్రఫ్ సచ్చిన బావి గల్ల ఆసామి. లాయరు దగ్గర కాగితం రాయించి పెట్టినాడు. అష్రఫుని దిగద్దని మేమంతా చెప్పినాము, వాడే మొండికేసి దిగినాడు, అని ఉంటాది అందులో. దాని కింద నేను సంతకం పెట్టల్ల. పది నిమిషాల పని తిరుపాలూ, అన్యాడు నిన్న ఫోన్లో, పెట్టేసి నీ దావన నువ్వు పో. పో అంటే యాడికి. ఇంకో బస్సెక్కి హిందూపురం పోయి, అదే చేత్తో ఆ పిల్లోని ఫాతెహా అన్నం తినేకి.

దుడ్లెక్కువైతే ఇట్లే, అని పక్క వరసలో మడకశిరాయన అన్యాడు. నేలమింద చూసేకి ఏం లేనట్ల సముద్రం అడుక్కి పోతారా. ఎవురు పొమ్మన్యారప్పా వాళ్ళని. బస్సులో సగంమంది తల ఊపినారు. ఎవురు పొమ్మన్యారు. ఈ మాట ఉండాదే, ఇది సచ్చినోని మిందకి అందరికన్నా ముందు వచ్చే మాట. నీళ్ళు చల్లకముందే వస్తాది, గుడ్డ కప్పకముందే వస్తాది. రొద్దం కాడ పుల్లన్న బావి గట్టుమింద గూడా వచ్చింది. అష్రఫ్ ఇంకా లోపలే ఉండాడు, పైన నిలబడినోళ్ళలో ఎవురో అనేసినారు, ఎవురు దిగమన్యారు వాన్ని. నాకు బాగా గుర్తుండాది, ఆ మాట అన్నోడు బీడీ ముట్టించుకుంటా అన్యాడు. నేనే దిగమన్యా అని చెప్పలేదు.

ముందు సీటాయనకి ఇరవై ఎనిమిదో ముప్పయ్యో, ఇస్త్రీ చొక్కా, యాన్నో ఆఫీసులో పని చేస్తాడు మాదిరి. ఒక్కొక్క బొమ్మా చూపిస్తాండాడు పక్కాయనకి. ఆ పడవని నడిపేది పిల్లోళ్ళు ఆడుకునే వీడియో గేము బటన్లతోనంట, దానిమింద ఎవురో నవ్వులాట బొమ్మ చేసినారు. చూసి ఇద్దరూ నవ్వుకున్యారు. నవ్వండప్పా. దూరంగా సచ్చినోళ్ళమింద నవ్వేకి ఏం ఖర్చు. నేను గూడా నవ్వినా. మొన్న టీకొట్లో, రెండు కోట్లు కట్టి గోరీ కొనుక్కున్యారు కదరా అని నేనే అన్యా, అంతా పగలబడి నవ్వినారు, టీకొట్టాయన నా దగ్గర దుడ్లు తీసుకోలేదు. ఇంటికొచ్చినంక నా పెండ్లాం నిర్మల అడిగింది, ఏం ఇంత హుషారుగా ఉండావు అని. ఈ నలభై దినాల్లో నేను నవ్వింది ఆ ఒక్కసారే. ఎందుకు నవ్వినానో నాకు తెలుసు. వాళ్ళెవురో సచ్చినారు, ఆ సావులో నా చెయ్యి లేదు. అంత సుఖం.

పూడిక తీసే పని మా నాయన పని. ఎండాకాలం వచ్చిందంటే చాలు, తాడిమర్రి నుంచి రొద్దం దాకా యాడ పాత బావి ఉంటే ఆడికి పిలుస్తాండ్రి. అప్పట్లో మోకు, గంప, గిలక. ఇప్పుడు చిన్న మోటరు క్రేను, ఇనప తొట్టి. మిగతాదంతా అదే. లోపలికి ఒకడు దిగుతాడు, పైన ఒకడు తాడు పట్టుకుంటాడు. తాడు ఒకసారి లాగితే పైకి తీయమని, రెండుసార్లు లాగితే ఆపమని. మనిషి దిగేముందు దీపం దిగల్ల. ఇది మా నాయన పెట్టింది కాదు, ఆయన నాయన పెట్టింది కాదు, బావులు పుట్టినప్పుటి నుంచీ ఉండాది. లాంతరు ముట్టించి తాడుకి కట్టి అడుగుదాకా వదిలేది, నూరు లెక్కబెట్టేది, ఆరిపోకుంటే దిగేది. ఆరిపోయిందంటే కింద గాలి లేదని. అప్పుడు వేపమండలు తాడుకి కట్టి కిందికీ పైకీ ఊపేది, బిందెలతో నీళ్ళు కొట్టేది, మళ్ళా దీపం దింపేది. ఒక్కొక్కసారి పొద్దంతా దీనికే పోతాండె. ఆసాములు తిడతాండ్రి, కూలి తీసుకుండేది దీపాలాట ఆడేకా అని. మా నాయన మళ్ళా ఇంకో బిందె నీళ్ళు కొడతాండె. ఒకసారి చెన్నేకొత్తపల్లి దగ్గర బావిలో మూడుసార్లు ఆరింది దీపం, ఆయన తాడు చుట్టుకోని ఇంటికొచ్చేసినాడు. ఆ రోజు మాకు సంగటి లేదు, అవ్వ ఆయన్ని నోటికొచ్చినట్ల తిట్టింది. ఆయన తిన్నె మింద పండుకోని నాతో అన్యాడు, రేయ్, దీపానికి అబద్ధం చెప్పడం రాదు, అందుకే దాన్ని ముందు పంపేది.

ఆ లాంతరే ఇది. చెన్నేకొత్తపల్లి ఇప్పుడే దాటినాము, హైవే ఎక్కింది బస్సు, కిటికీలో ఎండ. రేషను స్టోర్లో కిరసనాయిలు ఇచ్చేది నిలిపేసి ఏండ్లాయ. కొన్నాళ్ళు డీజిలు పోసినా, పొగ పట్టి గాజు నల్లగా అయితాండె, పొద్దున్నే తుడిచేకే అరగంట. ఆ పైన లాంతరు ఊరికే క్రేనుకి తగిలించి తిప్పుకుంటా ఉండా, బండికి నిమ్మకాయ కట్టుకున్నట్ల. పోయినేడు ధర్మవరం సంతలో చార్జింగు లైటు కొన్యా. తెల్లగా మా బాగా వెలుగుతాది. అడుగుదాకా పోయినా రాయిరాయీ కనపడతాది. లాంతరు బదులు అదే దింపబట్టినా. తాడు కట్టేది అదే, వదిలేది అదే, నూరు లెక్కబెట్టేది అదే. ఏం తప్పినానని. నాయన చేసిందంతా చేస్తాండా కదా. నాయన దీపం దింపేది వెలుతురు కోసరం కాదు, ఆరుతాదో లేదో చూసేకి. చార్జింగు లైటు ఆరదు. గాలి ఉన్యా ఆరదు, లేకున్యా ఆరదు, మనిషి సచ్చినా ఆరదు. ఇది తెలీక చేసినానా అంటే, తెలుసు. మొదుట్లో తెలుసు. ఈ ఒక్క బావికి పర్వాలేదులే అనుకున్యా, మళ్ళా ఇంకో బావికి. అట్ల పోతా పోతా నేనేం చూస్తాండానో మర్సిపోయినా. రొద్దం అంగట్లో కొవ్వొత్తి పది రూపాయలు. ఒక కొవ్వొత్తి చాలు.

ముందు సీటాయన మళ్ళా మొదలుపెట్టినాడు. ఆ కంపెనీ ఓనరుకి ముందే చెప్పినారంట, ఇది పనికిరాదు, సరిగ్గా టెస్టు చేయించు అని, ఇన్నాడా వాడు. టెస్టులంటా కూచుంటే పని జరగదు అన్యాడంట. బస్సంతా వాన్ని పట్టుకున్యారు. కండక్టరు సంచి పక్కన పెట్టి మరీ తిట్టినాడు. వెనక సీటామె, అట్లాటోన్ని మనిషంటారా, నమ్మి ఎక్కినోళ్ళ ఉసురు తగలదా, అనింది. మడకశిరాయన కన్నడంలో ఏదో బూతు తిట్టినాడు, నవ్వినారు. ఆడ పెద్దపెద్ద ఓడలు పోయినాయంట ఎతికేకి, విమానాలు పోయినాయంట, నీళ్ళలో కొట్టిన శబ్దం ఏదో వినపడిందంట అరగంటకొకసారి, అంతా చెవులు రిక్కబెట్టినారంట. ఆయన చదువుతా ఉంటే నాకు ఏం గుర్తొస్తాది. తాడు గుర్తొస్తాది. కానీ ఆ ఓనరుని తిడతాంటే నాకు ఇంకొకటి తోచింది, నోట్లో చేదు మాదిరి. వాడు గూడా ఆ పడవలోనే ఉండాడు కదా. చేసింది తప్పే, ఉరి తీసినా తప్పులేదు, కానీ వాడు చేసిన దాంట్లో వాడే కూచోని దిగినాడు. నేను పైనుండాను. గట్టుమింద, నీడలో.

అష్రఫ్ హిందూపురంలో మోటర్లు రిపేరు చేసే షాపులో ఉండేవాడు. షాపు మూతపడినంక ఉగాదికి నా దగ్గరికొచ్చినాడు. మామా, పని నేర్పీ. వాని చెయ్యి శుభ్రం, మనిషి భయస్తుడు. భయస్తుడు కాబట్టే అడుగుతాండె, ప్రతిసారీ, నడుముకి తాడు ముడేసుకుంటా. మామా, లాంతరు దింపినావా. దింపినాలే. నాలుగు బావులు దిగినాడు నాతో, నాలుగుసార్లు అడిగినాడు, నాలుగుసార్లూ దింపినాలే అన్యా. ఒకసారి గూడా వంగి చూడలేదు వాడు. నేను చెప్పినాక ఇంక చూసేదేముండాది. పుల్లన్న బావి అయిదోది. ఏండ్లుగా ఎండి, ఆకూ అలమూ పడి కుళ్ళి, పోయిన రెండు వానలకి అడుగున ఇంత నల్లనీళ్ళు చేరినాయి. డెబ్బై అడుగులు. వాసన పైకే కొట్టింది. పుల్లన్న గట్టుమింద నిలబడి, బిరీన కానీయండప్పా, మధ్యాన్నానికి ఇంకో పనుండాది, అన్యాడు. మామా, లాంతరు దింపినావా. దింపినాలే, బాగా వెలుగుతాంది. బిస్మిల్లా అనుకోని దిగినాడు.

ఎంతసేపు. ముందు సీటాయన ఇప్పుడు లెక్క చెప్తాండాడు, పడవ నలిగేకి కన్ను రెప్ప కొట్టేంత గూడా పట్టలేదంట, వాళ్ళకి తెలిసి గూడా ఉండదంట. మంచిది. ఎవురికైనా అంతే కావల్ల. అష్రఫుకి తెలిసింది. తాడు నా చేతిలో ఉండాది కదా. ఒకసారి లాగితే పైకి. రెండుసార్లు లాగితే ఆపు. ఆ పొద్దు వాడు సగం లాగినాడు. లాగబోయినాడు, చెయ్యి రాలేదు. సగానికి మా దగ్గర లెక్క లేదు. పారకి తాడు తగులుకున్నాదేమో అనుకున్యా. రేయ్ అష్రఫూ, అని అరిచినా. చార్జింగు లైటు కింద తెల్లగా వెలుగుతానే ఉండాది. పైకి లాగబోతే నడుం ముడి జారిపోయింది, తాడు ఒట్టిగా వచ్చింది. ఇంకొకడు దిగతానని ముందుకొచ్చినాడు, నేనే పట్టి వెనక్కి లాగినా, దిగద్దు, గాలి లేదు. అంతమంది నా మొగం చూసినారు. నీకెట్ల తెలుసు అని ఒకరు గూడా అడగలేదు.

బొక్కెన బావిలో పడితే తీసే కొక్కేలుంటాయి కదా, పాతాళగరిగె, అది తెచ్చి వేసినాము. బొక్కెన్ని తీసేదాంతో మనిషిని తీసినాము. చొక్కాకి తగులుకోని పైకొచ్చినాడు. గట్టుమింద పదిమంది ఫోన్లు పట్టుకున్యారు. ఆ పొద్దు సాయంత్రానికే వీడియో మా ధర్మవరం దాకా వచ్చింది. నిర్మల కింద రాసినవి చదివి వినిపించింది. తాగి దిగుంటాడు అని ఒకడు. వాడు జన్మలో తాగలేదు. చదువు లేకుంటే ఇట్లే అని ఒకడు. నవ్వే బొమ్మలు పెట్టినారు కొందరు, మనిషి పేరు చూసి ఇంకేవో రాసినారు. ఎవురు దిగమన్యారు అని చానామంది. నిర్మల ఏడుస్తా చదివింది. నేను వింటా ఉండా, చెప్తే నా మొగాన ఊస్తారు, నాకు ఊపిరొచ్చింది. అంతమంది తప్పు వానిదే అంటాండారు కదా అని. ఆ పొద్దు నుంచీ ఆ ఊపిరితోనే తిరిగినా. పుల్లన్న వచ్చి నా చెవిలో చెప్పిందాకా. తిరుపాలూ, నువ్వు దింపింది లాంతరు కాదు, నేను చూసినా. తప్పు వానిదన్నా కావల్ల, నీదన్నా కావల్ల. నేను చెప్పను. నువ్వు సంతకం పెట్టు.

ఆ పడవలో ఒక తండ్రీ కొడుకూ ఉండారంట, ముందు సీటాయన గొంతు తగ్గించి చెప్పినాడు, కొడుక్కి పంతొమ్మిదేండ్లంట. వాళ్ళ నాయన పిలిచినాడని పోయినాడంట. బస్సులో నవ్వు ఆగింది. వెనక సీటామె, అయ్యో, పసిబిడ్డ కదప్పా, అనింది. నిజంగానే కండ్లు తుడుచుకున్నాది. ఆయమ్మని చూసి నాకు కోపం రావల్సింది, రాలేదు. ఒక పేరు చెప్పి ఒక వయసు చెప్తే మనిషి మెత్తబడతాడు. అష్రఫుకి ఇరవై తొమ్మిది. ఎవురూ చెప్పలేదు, ఎవురూ అడగలేదు.

మొన్న సమీనా ఫోను చేసింది. మామా, నలభైకి వస్తాండావు కదా. వస్తామ్మా. ఒకటి అడగతా, ఏమనుకోవద్దు, ఆ పొద్దు లోపలికి దింపినారే లాంతరు, అది తెచ్చీ. ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్తాండె, మా మామ లాంతరు దింపందే నన్ను దిగనీడు, నువ్వు భయపడొద్దు అని. ఆయన కడసారి చూసిన దీపం కదా. ఫాతెహా కాడ ముట్టించి పెట్టుకుంటా. తెస్తామ్మా అన్యా. తెస్తాండా. రెండేండ్లుగా ఎండిపోయిన లాంతరు, గాజు తుడిచి, టవల్లో చుట్టి. దావలో యాన్నన్నా కిరసనాయిలు దొరికితే పోసుకోని పోదామని గూడా అనుకున్యా. అంతదాకా పోయినా నేను. ఒక సంతకంతో సచ్చినోన్ని మొండోన్ని చేసి, ఇంత నూనెతో వాని పెండ్లాం ముందర దీపం వెలిగించేకి బయలుదేరినా.

పెనుకొండ కొండ కనపడింది. బస్సు స్టాండులోకి తిరిగింది. పుల్లన్న తెల్లగుడ్డల్లో టీకొట్టు కాడ నిలబడి, కిటికీ కిటికీ ఎతుకుతాండాడు. ముందు సీటాయన దిగేకి లేస్తా, దావ పొడుగునా పలకని నన్ను చూసి నవ్వినాడు. "ఏం పెద్దాయనా, నువ్వొక్కనివే ఏం మాట్లాడల్యా. చెప్పు, తప్పు ఎవురిది?" 

నేను ఫోను తీసి సమీనాకి చేసినా. రెండుసార్లు మోగేలోపలే ఎత్తింది.

"మామా, యాడున్యావు?"

"పెనుకొండలో అమ్మా. లాంతరు దింపలేదు సమీనా. ఆ పొద్దు దింపింది చార్జింగు లైటు. అది ఆరదు. అష్రఫ్ అడిగినాడు, లాంతరు దింపినావా అని. దింపినానని నేను అబద్ధం చెప్పినా."

నా గొంతు చిన్నది కాదు, బావి గట్టుమింద అరిచే గొంతు. దిగేవాళ్ళు మెట్లమింద నిలబడిపోయినారు. ఫోన్లో వెనకాల ఆడోళ్ళ మాటలు, గిన్నెల శబ్దం, ఎవురో సమీనాని పిలుస్తాండారు. నేను నూరు లెక్కబెట్టి ఉంటా.

"దాంట్లో ఇప్పుడు కిరసనాయిలు ఉండాదా?" అని అడిగింది.

"లేదమ్మా."

"అట్లయితే ఎందుకు తెస్తాండావు?"

పెట్టేసింది. వెనక సీటామె పక్కనామె చెవిలో, అట్లాటోన్ని మనిషంటారా, అంటాంది. ఆ ఓనరుని అన్నమాటే, అదే గొంతు. సరిగ్గానే అనింది. పుల్లన్న నన్ను చూసినాడు, వచ్చి కిటికీ ఊచ తట్టినాడు, దిగప్పా, లాయరు కాచుకున్నాడు అని. నేను దిగలేదు. కండక్టరుని పిలిచి హిందూపురానికి ఒకటియ్యి అన్యా. వాడు నా మొగం చూడకుండా టికెట్టు కొట్టిచ్చినాడు. బస్సు కదిలినంక టవలు విప్పి లాంతరు ఒళ్ళో పెట్టుకున్యా, అందరికీ కనపడేట్ల.

ఎందుకంటే సమీనా, నీ చేతికిచ్చి, మూత తీసి చూపిచ్చి, ఇది ఎండిపోయి ఉండాదని అందరి ముందరా చెప్పల్ల. నీ మొగుడు మొండోడు కాదు, అడిగే దిగినాడు, అయిదుసార్లు అడిగినాడు. అది చెప్పినంక గడప లోపలికి రమ్మంటావో, వాకిట్లోనే నిలబెడతావో, నీ ఇష్టం.